కాయలు కాచిన వేళ్ళు

ట్రాయ్, మిషిగన్
అక్టోబరు 6, 2009

అమ్మడూ ప్రణీతా,

ఛాయాదేవి కలం పట్టుకుని 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టబోయింది. కొట్టేయించాను. ఇక్కడ ఎవరు కుశలంగా ఉన్నారని? మీ నాన్న నరసింహ ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి, మిగిలినవాళ్ళు బిక్కుబిక్కుమంటున్నారు. మీ అమ్మ శశికళ నాతో మాట్లాడేటప్పుడు గోడకేసి చూస్తుంది. నువ్వు చూస్తే ఇంటి ముఖమే చూడవు.

ఈ ఛాయాదేవి ఎవరంటావేమో. మన వీధి చివరింట్లో దామోదర్ లేడూ, వాళ్ళమ్మ. గుడివాడలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పింది. మంగళవారం, శుక్రవారం మనింటికి వస్తుంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, తన సొగసులు కలపకూడదు. అదీ మా ఒప్పందం.

ఫోను చెయ్యొచ్చుగా అనకు. నా చెవులు పోయాయి. ఫోనులో నీ గొంతు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుంటుంది. ఎంతసేపు విన్నా నాకు అర్థమయ్యేది 'ఓకే నానమ్మా' ఒక్కటే. కాగితం మీద అలా తప్పించుకోలేవు.

నా ఫిర్యాదు విను. జూన్‌లో వచ్చి రెండు రోజులున్నావు. మనిషంత ఎత్తున్న ఆ తీగల వాద్యం, హార్పు, వ్యానులో వేసుకుని ఆర్కెస్ట్రాలో పని కోసం ఐదు గంటల దూరం పరీక్షకు పోయావు. పోయేముందు నా కాళ్ళకు దండం పెట్టావు. తిరుగుదారిలో మాత్రం ఇల్లు తగలకుండా అట్నుంచటే న్యూజెర్సీ చేరావు. నాలుగు నెలలైంది. పని రాలేదని మీ నాన్న చెప్తే తెలిసింది. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు.

ఆ పరీక్షలో వాయించేవాళ్ళను పరదా వెనక కూర్చోబెడతారట గదా. పేరు ఉండదు, నంబరేనట. నడిచేది ఆడో మగో చెప్పుల చప్పుడు బట్టి తెలియకుండా కింద తివాచీ కూడా పరుస్తారట. ఇదెక్కడి న్యాయం? ముఖం చూడకుండా పనిలో పెట్టుకునే మేస్త్రీని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నీ ముఖం చూసుంటే కాదనేవాళ్ళా? నీ చేతులు చూసుంటే?

ఆ చేతులే నాకు గుర్తొస్తున్నాయి. వచ్చినరోజు పట్టుకుని చూశాను. బొటనవేలూ దాని పక్క మూడు వేళ్ళూ కొసలు చెప్పు అట్టల్లా ఉన్నాయి. చిటికెనవేలొక్కటే ఆడపిల్ల వేలు. వేడినీళ్ళలో నానబెట్టి, ఆముదం వెచ్చజేసి, నువ్వు సోఫాలో కునుకు తీస్తుంటే మధ్యాహ్నమంతా నీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు రుద్దుకునే రాయితో ఆ మొద్దుతోలంతా ఊడదీశాను. పరీక్షకు పువ్వుల్లాంటి చేతులతో పంపాను. అయినా పని రాలేదంటే తప్పు ఆ పరదాదే.

నేను కంకర కొట్టి మీ నాన్నను చదివించింది, ఈ ఇంట్లో మళ్ళీ ఇంకొకరి చేతులు కాయలు కాయకూడదనే. జవాబు రాయి. సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేస్తున్నాను.

నీ నానమ్మ, ధనమ్మ

(వేలిముద్ర మచ్చలా పడింది. ఇంకోసారి వెయ్యమంటే వెయ్యనంటోంది. – ఛాయాదేవి)


ఎడిసన్, న్యూజెర్సీ
నవంబరు 1, 2009

నానమ్మకి నమస్కారం.

నా తెలుగు సండే స్కూల్ తెలుగు. నీకు తెలుసు. నా రూమ్‌మేట్ రేణు వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్ చేస్తోంది. నా తప్పులన్నీ తనే దిద్దుతుంది. దిద్దేటప్పుడు నవ్వుతుంది కూడా.

నేను బాగున్నాను. చేతులు బాగున్నాయి.

పరదా మంచిదే నానమ్మా. ముఖం చూస్తే తెలిసినవాళ్ళకి ఇస్తారని పెట్టారు. ఆర్కెస్ట్రాలో ఎనభై మంది ఉంటారు. వయొలిన్లు చాలా ఉంటాయి, హార్ప్ మాత్రం ఒక్కటే. జూన్‌లో నేను వెళ్ళిన చోట ఆ కుర్చీలో ఒకావిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చుంది. ఆవిడ రిటైర్ అయితేనే ఆ ఖాళీ వచ్చింది. దేశమంతా కలిపి చూసినా ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. అది వేరే అమ్మాయికి వచ్చింది. బాగా వాయించి ఉంటుంది. అంతే.

ఇప్పుడు పెళ్ళిళ్ళకి వాయిస్తున్నాను. పెళ్ళికూతురు నడిచి వచ్చేటప్పుడు ఒకటి, తర్వాత కేక్ పక్కన కూర్చుని రెండు గంటలు. ఎక్కడైనా ఆర్కెస్ట్రాలో హార్ప్ ఆవిడకి ఒంట్లో బాగుండకపోతే నన్ను పిలుస్తారు. మొన్న ఒక కాన్సర్ట్‌లో నా వంతు కోసం నాలుగు వందల దాకా మనసులో లెక్కపెట్టుకుంటూ ఊరికే కూర్చున్నాను. తర్వాత ఆరు స్వరాలు వాయించాను. లెక్క ఒకటి తప్పినా ఆ ఆరూ తప్పే. కాలు కదపకూడదు, దగ్గకూడదు. నువ్వయితే కూర్చోలేవు.

థాంక్స్‌గివింగ్‌కి రాలేను. బుకింగ్స్ ఉన్నాయి.

ప్రేమతో,
ప్రణీత


ట్రాయ్, మిషిగన్
జనవరి 8, 2010

ప్రణీతా,

ఉత్తరమా అది? కరెంటాఫీసువాడు ఇంతకంటే వివరంగా రాస్తాడు. 'చేతులు బాగున్నాయి' అన్నావు. 'అంతే' అన్నావు. ఆ 'అంతే' కింద ఏదో దాచావు. డెబ్బై రెండేళ్ళ దాన్ని, నాకు తెలియదా?

నిన్న మీ అమ్మను నిలదీశాను.

"అది ఇంటికెందుకు రాదే?" అన్నాను.

"బిజీగా ఉంది అత్తయ్యా."

"నా మొహం చూసి చెప్పు."

"కూర మాడుతోంది" అని వంటింట్లోకి పోయింది. వెళ్ళి చూస్తే పొయ్యి మీద కూరే లేదు.

అందరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు. సరే, నా దారి నేను చూసుకున్నాను. ఆ ఆర్కెస్ట్రా వాళ్ళకు ఒక దరఖాస్తు చెప్పి రాయించాను. అందులో ఉన్నది ఇది: 'అయ్యా, అమ్మా, నేను ధనమ్మను. నా మనవరాలు ఎనిమిదో ఏట నుంచి ఆ వాద్యం ముందు కూర్చుంది. దాని పుట్టినరోజులకు పిల్లలొచ్చి కేకు తిని పోయేవాళ్ళు, ఇది మళ్ళీ పోయి తీగలు సవరించుకునేది. నా చెవులు బాగున్నప్పుడు రోజూ నాలుగు గంటలు విన్నాను. ఒకే ముక్క, ఒకే ముక్క, విసుగొచ్చి నేను అరిచిన రోజులున్నాయి. అయినా అది ఆపలేదు. అంత పంతమున్న పిల్లను ఒక్క పూట విని తీసేయడం మీకు మర్యాద కాదు. పరదా తీసి మళ్ళీ వినండి.'

దీన్ని ఇంగ్లీషులో పెట్టమంటే దామోదర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పిన్నిగారూ, ఇది పంపితే ప్రణీతకే చేటు. ఇంకెక్కడా పిలవరు" అన్నాడు. వాడి మాట వినాలో లేదో నువ్వు చెప్పు. ఈ నెలాఖరులోగా అసలు జరిగింది నాకు తెలియకపోతే ఛాయాదేవి ఎలా వస్తే అలా ఇంగ్లీషులో రాస్తుంది, నేనే పోయి పోస్టు డబ్బాలో వేస్తాను. చలికి ఆగే మనిషిని కాను.

(నాకు వచ్చిన ఇంగ్లీషుకు ఆ పని నావల్ల కాదని మనవి. – ఛాయాదేవి)

దీంతోపాటు పార్సిల్ పంపుతున్నాను. ఆముదం సీసా, కొత్త రాయి ఉన్నాయి. వారానికి రెండుసార్లు చేతులు నానబెట్టి రుద్దుకో. మళ్ళీ ఎక్కడైనా పరీక్ష పడితే ముందురోజు తప్పకుండా చెయ్యి.

వేలిముద్ర.


ఎడిసన్, న్యూజెర్సీ
ఫిబ్రవరి 2, 2010

నానమ్మా,

దరఖాస్తు పంపకు. ప్లీజ్. సీసా రేణుకి ఇచ్చాను, తలకి రాసుకుంటోంది. రాయి డ్రాయర్‌లో ఉంది. నేను అది ముట్టుకోలేను.

నువ్వు అడిగావు, చెప్తాను. రేణు దీన్ని చదివి, పంపొద్దు అంది. తర్వాత ఏడ్చింది. తర్వాత తప్పులు దిద్దింది.

హార్ప్ తీగలు వేళ్ళ కొసలతో లాగాలి. తీగలు గట్టిగా, చాలా బిగువుగా ఉంటాయి. వేళ్ళకి కాయలు ఉండాలి. అవి ఉంటేనే నొప్పి లేకుండా శబ్దం గుండ్రంగా వస్తుంది. నావి రావడానికి పదిహేనేళ్ళు పట్టింది. అవి నేను పెంచుకున్నవి నానమ్మా. సెలవులకి బీచ్‌కి వెళ్ళినా ఎక్కువసేపు నీళ్ళలో ఉండేదాన్ని కాదు, మెత్తబడతాయని.

ఆ రోజు మొదటి రౌండ్ బాగా అయింది. ముప్ఫై ఎనిమిది మందిలో తొమ్మిదిమందిని ఉంచారు. రెండో రౌండ్‌లో బొటనవేలు పొక్కింది. తర్వాత చూపుడువేలు. ఆఖరి రౌండ్‌కి ముగ్గురం మిగిలాం. నేను టేప్ వేసుకోలేదు, టేప్ వేస్తే శబ్దం తేడా వస్తుంది. అందరూ ఆగి హార్ప్ ఒక్కటే వాయించే పెద్ద ముక్క ఒకటి ఉంది. దాని మధ్యలో పొక్కు పగిలింది. వేలు జారింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పరదా వెనకాల వాళ్ళకి రక్తం కనపడదు కదా. తప్పులు మాత్రం వినపడతాయి.

అమ్మకి, నాన్నకి తెలుసు. నీకు చెప్పొద్దని నేనే అన్నాను. ఇంటికి వస్తే నువ్వు నా చేతులు పట్టుకుంటావు. అప్పుడు నాకు కోపం వస్తుంది, నోరు జారతాను అని రాలేదు.

ఇంకొకటి ఉంది. ఇది అమ్మకి కూడా చెప్పలేదు. ఆ రోజు సోఫాలో నేను మధ్యలో లేచాను. కళ్ళు తెరవలేదు. నువ్వు ఏం చేస్తున్నావో తెలిసింది. చెయ్యి లాక్కోవచ్చు. వారం నుంచి నిద్ర లేదు, చేతులు మండుతున్నాయి. వెచ్చగా ఉంది. హాయిగా ఉంది. ఇంకొక్క నిమిషం అనుకున్నాను. మళ్ళీ నిద్రపోయాను.

అందుకే నీ మీద కోపం పూర్తిగా రాదు. నా మీద వస్తుంది.

ప్రణీత


ట్రాయ్, మిషిగన్
జూన్ 11, 2010

ప్రణీతా,

నాలుగు నెలలు జవాబు రాయించలేదు. ఛాయాదేవి వచ్చినప్పుడల్లా కలం తీసేది, నేను 'ఇవాళ వద్దు' అనేదాన్ని. ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయాను. ముందు గదిలోంచి వంటింటికి, వంటింట్లోంచి గరాజుకి. తిరిగి తిరిగి మీ నాన్న చేత తిట్లు తిన్నాను. ఇవాళ కూర్చున్నాను. రాసుకో.

నేరం నాది. ఎవరో చెప్పాల్సిన పని లేదు, నేనే ఒప్పుకుంటున్నాను. కానీ తెలియక చేశానని మాత్రం రాయించను. అది అబద్ధం.

నాగార్జునసాగర్ డ్యామ్ కట్టేటప్పుడు నాకు పదిహేడేళ్ళు. మీ తాత కోటయ్య రాళ్ళు మోసేవాడు, నేను కూర్చుని కంకర కొట్టేదాన్ని. మొదటి నెల సుత్తి పిడికి నెత్తురు అంటని రోజు లేదు. అన్నం కలుపుకుంటే పచ్చడి కారానికి ప్రాణం పోయేది. మా పక్కన పాలమూరు ముసలామె ఒకతె ఉండేది. నేను చేతులకు నూనె రాసుకోబోతే సీసా లాగేసుకుంది. "మెత్తబెట్టుకోకు పిల్లా. తోలు మొద్దుబారనీ. బారిందాకే ఏడుపు" అంది. నెల తిరిగేసరికి కాయలు కాచాయి. ఆ పైన నెత్తురు రాలేదు. ఆ చేతులతోనే పద్దెనిమిదేళ్ళు కొట్టాను, డ్యామ్ దగ్గర, తర్వాత రోడ్ల మీద.

మరి ఇది తెలిసిన మనిషిని నీకెందుకు అలా చేశాను? నీ వేళ్ళు చూడగానే నాకు నీ వేళ్ళు కనపడలేదు. నా వేళ్ళు కనపడ్డాయి. మా నరసింహ ఇంజనీరు. వాడి కూతురికి కూలి చేతులా అని ఒళ్ళు మండింది. నువ్వు పదిహేనేళ్ళు పెంచుకున్నదాన్ని ఒక్క మధ్యాహ్నంలో గీకి పారేశాను. నాకు ఇంతకాలం ఆ వాద్యమంటే అమ్మాయిగారి ఆటే. అది పని అని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పరదాను తిట్టాను. అది కూడా వెనక్కి తీసుకుంటున్నాను. దరఖాస్తు చించేశాను. ఇంకో సంగతి, నీ పెళ్ళి మాట ఈ ఇంట్లో ఎవరెత్తినా అన్నం పెట్టనని చెప్పాను. మీ అమ్మ నవ్వింది. చాలా రోజులకు నా ముఖం చూసి నవ్వింది.

నువ్వు మధ్యలో లేచి చెయ్యి లాక్కోలేదన్నావు. ఆ ముక్క ఛాయాదేవి చేత మూడుసార్లు చదివించుకున్నాను. అది నీ తప్పు కాదు. ఇంకెప్పుడూ ఆ మాట అనకు. హాయిగా ఉన్నప్పుడు ఏ పిల్ల చెయ్యి లాక్కుంటుంది?

ఇప్పుడు నా తీర్పు విను. నీకు మళ్ళీ కాయలు కాచి, ఇంకో కుర్చీ ఖాళీ అయి, పరీక్ష రాసి వచ్చేదాకా, నువ్వు రాయవుగా, వాయించి వచ్చేదాకా, ఈ గుమ్మం తొక్కకు. ఇది నీకు శిక్ష కాదు. నాకు. నా చేతులను నేను నమ్మను. నిన్ను చూస్తే మళ్ళీ పట్టుకుంటాయి.

ఇంకొకటి. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో గ్రీన్ కార్డు కోసం వేలిముద్రలు తీయడానికి డెట్రాయిట్ తీసుకెళ్ళారు. గాజు మీద వేలు పెట్టించి, తుడిచి, మళ్ళీ పెట్టించి, ఆఫీసరమ్మ తల పట్టుకుంది. "గీతలు లేవు" అని మీ నాన్నతో అంది. కంకర తినేసింది. రెండుసార్లు తిప్పించి పంపారు. ఆ రోజు నేను సిగ్గుతో చచ్చాను. అందుకే నా ముద్ర ఎప్పుడూ మచ్చలా పడేది. సిరా ఎక్కువై కాదు, ఛాయాదేవీ, నువ్వు కూడా విను.

ఇదిగో, కింద వేస్తున్నాను. బాగా చూడు.

ధనమ్మ


ఎడిసన్, న్యూజెర్సీ
మార్చి 27, 2011

నానమ్మా,

ఖాళీ వచ్చింది. ఒహాయోలో. పాత హార్ప్ ఆవిడ చేతులకి కీళ్ళనొప్పులు వచ్చి దిగిపోయింది. ఇరవై ఆరేళ్ళు వాయించిందట. ఆడిషన్ మే రెండున మొదలు, మూడున ఫైనల్స్.

ఉద్యోగం అక్కడ వస్తే వెంటనే పర్మనెంట్ కాదు. రెండేళ్ళు చూస్తారు, తర్వాత ఓటు వేస్తారు. కానీ కుర్చీ నాది అవుతుంది.

రోజూ ఆరు గంటలు వాయిస్తున్నాను. కింద ఫ్లోర్ ఆయన శ్యామ్‌సుందర్ అంకుల్ మొదట్లో కర్రతో సీలింగ్ కొట్టేవాడు. ఇప్పుడు రేణుని మెట్ల మీద ఆపి, "ఆ మూడో ముక్క ఇవాళ బాగొచ్చిందమ్మా" అంటున్నాడట. ఏకాదశి నాడు మాత్రం కొంచెం మెల్లగా వాయించమన్నాడు. ఎందుకో నాకు తెలియదు.

వెళ్ళే దారిలో రెండు రోజులు ట్రాయ్ రానా? చేతులకి గ్లవ్స్ వేసుకుంటాను. నిన్ను చూసి దాదాపు రెండేళ్ళయింది.

ప్రణీత


ట్రాయ్, మిషిగన్
ఏప్రిల్ 8, 2011

రావద్దు.

బెల్లు కొడితే తీయను. ఎలాగూ నాకు బెల్లు వినపడదు. మీ అమ్మానాన్నలకు కూడా చెప్పాను, తీస్తే నేను ఛాయాదేవి ఇంటికి పోయి ఉంటానని. (మా ఇంట్లో ఖాళీ గది ఉంది, నాకు అభ్యంతరం లేదు. కానీ పిల్లను రానివ్వమని నేను చెప్పాను. వినలేదు. – ఛాయాదేవి)

గ్లవ్స్ వేసుకుంటుందట. నా సంగతి నీకు తెలియదు. గ్లవ్స్ విప్పుతాను.

ముందురోజు అన్నం తిను. గిన్నెలు కడగకు. తలకు కూడా రేణు చేత పోయించుకో, నువ్వు చేతులు తడపకు. ఆ రాయి ఇంకా డ్రాయర్‌లో ఉంటే బయట పారెయ్.

వచ్చినా రాకపోయినా కాగితం మీద రాయి. ఫోను చెయ్యకు. ఫోను చేస్తే నాకు వినపడదు, మీ అమ్మ ముఖం చూసి తెలుసుకోవాల్సి వస్తుంది. నీ సంగతి నీ దగ్గర్నుంచే తెలియాలి.

మే మూడుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో ఛాయాదేవి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. నాలుగు వందలు లెక్కపెడుతూ కదలకుండా కూర్చుంటావన్నావే, నేర్చుకుందామని కూర్చున్నాను. ముప్ఫై దాటలేదు, లేచిపోయాను.

వేలిముద్ర.


ట్రాయ్, మిషిగన్
మే 4, 2011, బుధవారం ఉదయం

నానమ్మా,

ఈ కాగితానికి స్టాంప్ లేదు. ఇది పోస్టులో రాలేదు.

ఇది మన ఇంటి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. రేణు లేదు, తప్పులు ఉంటాయి. వ్యాన్ డ్రైవ్‌వేలో ఉంది, హార్ప్ అందులో ఉంది. అమ్మ, నాన్న ఆఫీస్‌కి వెళ్ళిపోయారు. బెల్ మూడుసార్లు కొట్టాను. కిటికీలో నుంచి నువ్వు కనపడుతున్నావు. సోఫాలో కూర్చుంటావు, లేస్తావు, వంటింట్లోకి పోతావు, మళ్ళీ వస్తావు. ఇటు చూడవు.

నిన్న నా నంబర్ పదకొండు. తివాచీ మీద సాక్స్‌తో నడిచాను. ఆ పెద్ద ముక్క మళ్ళీ అడిగారు. వాయిస్తున్నప్పుడు నాకు పాలమూరు ముసలామె గుర్తొచ్చింది. నేను ఎప్పుడూ చూడని ఆవిడ. నవ్వు వచ్చింది. వేలు జారలేదు. అయిపోయాక ఆఖరి రౌండ్‌లో మిగిలిన ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. గంట సేపు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒకాయన తలుపు తీసి, "నంబర్ లెవెన్" అన్నాడు. నేను లేవలేదు. నాది పదకొండు అని మర్చిపోయాను. పక్కమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని లేపింది.

రెండేళ్ళు చూస్తారు. చూడనీ. సెప్టెంబర్‌లో కుర్చీలో కూర్చుంటాను.

ఇవాళ బుధవారం. ఛాయాదేవి ఆంటీ శుక్రవారం దాకా రారు. కాబట్టి ఇంతవరకు రాసినదేదీ నువ్వు చదవలేవు. చదవక్కర్లేదు. వ్యాన్‌లో నల్ల మార్కర్ దొరికింది. బొటనవేలికి రాసి కింద ముద్ర వేశాను. రెండుసార్లు వేశాను, రెండోది ఇంకా గట్టిగా నొక్కి. రెండూ మచ్చలే పడ్డాయి. ఒక్క గీత లేదు.

తలుపు కింద నుంచి తోస్తున్నాను. నువ్వు ఈసారి ఇటు నడిచి వచ్చినప్పుడు నీ కాలికి తగులుతుంది.